నన్నూ పసిగడతారేమో!

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఓ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నాకు మగవాళ్ల మీదే ఆకర్షణ. ఇంట్లో గానీ డ్యూటీలో గానీ ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఈమధ్య నైట్ డ్యూటీలో ఒక ట్రాన్స్ మహిళ చేతికి గాయంతో క్యాజువాలిటీకి వచ్చారు. మావాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. ఏ వార్డులో వేయాలని పెద్ద వాదన. నేను డ్రెస్సింగ్ చేశాను కానీ ఆవిడ ముఖంలోకి చూడలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. మామూలుగా పేషెంట్లు ఏం కావాలన్నా ‘బ్రదర్’ అంటూ నన్నే పిలుస్తారు. మరి ఆవిడ దగ్గర ఎందుకలా బిగుసుకుపోయాను? ఈ వృత్తికి పనికిరానా మేడమ్?
– ఒక బ్రదర్, విశాఖపట్నం

జవాబు: పనికిరానివాళ్లు ఈ ఉత్తరం రాయరు. ఆ రాత్రి మీ ధ్యాస సగం గాయం మీద ఉంటే, సగం పక్కవాళ్ల చూపుల మీద ఉంది. దయగా మాట్లాడితే ‘వీడికెందుకింత జాలి’ అంటారని భయం. పైగా మీరు ఇన్నేళ్లుగా దాచుకుంటున్నదేదో ఆవిడ రూపంలో అందరి ముందూ కూర్చున్నట్టు తోచి ఉంటుంది. మనలో మనకు సిగ్గనిపించేది ఎదుటివాళ్లలో కనబడితే చూపు తిప్పేసుకుంటాం.

కాబట్టి ముందు ఆ సిగ్గు సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఈ ఆకర్షణను ‘మార్చే’ వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి. కానీ ‘నాలో లోపం లేదు’ అని మనసు నమ్మడానికి ఒక్క మనిషితోనైనా చెప్పుకోవాలి. మారమని ఒత్తిడి చేయని సైకాలజిస్టు అయితే మరీ మంచిది. అలాగని ఆసుపత్రి అంతా చాటమనడం లేదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. అసలు చెప్పకపోయినా మీలో నిజాయితీ తక్కువైనట్టు కాదు.

ఇక ఆవిడలాంటి పేషెంట్ల సంగతి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ డాక్టర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ సర్వీసులోకి వచ్చిన తొలి ట్రాన్స్ డాక్టర్లు వాళ్లే. అలాంటివాళ్లు కూర్చున్న ఓపీలోకి అడుగుపెట్టే ట్రాన్స్ పేషెంటుకి ఎంత ధైర్యంగా ఉంటుందో ఊహించండి.

ఒక్క జాగ్రత్త. మీరు గే అయినంత మాత్రాన, ఆ రాత్రి వచ్చినావిడ కష్టం మీకు దానంతటదే అర్థమైపోదు. మీరు దాచుకోగలిగారు, ఆవిడకు ఆ వీలు లేదు. అందుకని మళ్లీ అలాంటి పేషెంటు వస్తే అడగండి. ఏ పేరుతో పిలవమంటారో, ఏ వార్డులో ఉంటే భయం లేకుండా ఉంటుందో ఆవిడే చెప్తారు. వింతగా చూడ్డానికి ఎవరైనా గుమిగూడితే తెర లాగేయండి. వచ్చిన గాయానికి సంబంధం లేని ప్రశ్నలు ఎవరైనా వేస్తే ‘అది ఇప్పుడు అక్కర్లేదండీ’ అనండి. వైద్యంలో ట్రాన్స్‌జెండర్ల మీద వివక్ష కూడదని 2019 చట్టమే అంటోంది. ఇవన్నీ చేయడానికి మీ గురించి మీరేమీ బయటపెట్టుకోనక్కర్లేదు, ఒంటి మీదున్న యూనిఫాం చాలు.