హెపటైటిస్-సి: కాలేయం, ఇన్సులిన్, మందులు



మన బయాలజీ పాఠంలో కాలేయం అంటే పైత్యరసం తయారుచేసే గ్రంథి. పరీక్షకు అది చాలు. కానీ రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే పనిలోనూ దానిది పెద్ద పాత్ర. తిన్న తరువాత మిగిలిన గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచుకుని, రాత్రి మనం నిద్రలో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. ఎప్పుడు దాచాలో, ఎప్పుడు వదలడం ఆపాలో దానికి చెప్పేది క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్. ఆ కాలేయంలో ఒక వైరస్ కాపురం పెడితే ఇన్సులిన్ మాట ఎందుకు చెల్లదో చూద్దాం.

హెపటైటిస్-సి వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పరిశోధనలకు 2020లో హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది రక్తం ద్వారా సోకుతుంది. ఒకరికి వాడిన సూది, పరీక్ష చేయని రక్తం, జాతరలో శుభ్రం చేయని సూదితో వేసే పచ్చబొట్టు, ఒకరి బ్లేడుతో మరొకరు గడ్డం గీసుకోవడం దీనికి దారులు. ఒకే కంచంలో తిన్నా, పక్కపక్కన పడుకున్నా అంటదు. ఇంట్లో ఈ జబ్బు ఉన్న మనిషికి గ్లాసు, కంచం వేరు పెట్టడం వట్టి అజ్ఞానం. సోకిన చాలామందిలో ఇది దీర్ఘకాలిక వ్యాధిగా మారి, ఏళ్ల తరబడి ఏ బాధా చూపకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. దానినే సిరోసిస్ అంటారు.

ఇక అసలు విషయం. ఈ వైరస్ ప్రోటీన్లు, వాటివల్ల కలిగే వాపు కలిసి, ఇన్సులిన్ సందేశాన్ని కణం లోపలికి చేర్చే ఏర్పాటును చెడగొడతాయి. ఉదయం స్టడీ అవర్ బెల్లు ఒకసారి కొడితే లేవనివాళ్ల కోసం వాచ్‌మన్ మళ్లీ మళ్లీ కొట్టినట్టు, క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. దీనికే ఇన్సులిన్ నిరోధకత అని పేరు.

దీనిని అంచనా వేసే లెక్క పదో తరగతి వాళ్లు కూడా చేయగలరు. పరగడుపున రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. గ్లూకోజు 90, ఇన్సులిన్ 9 అయితే 810ని 405తో భాగిస్తే 2 వస్తుంది. ఇన్సులిన్ 18 అయితే సూచిక 4. రెండుసార్లూ షుగర్ 90 మాత్రమే, నార్మల్ అనే రిపోర్టు వస్తుంది! రెండో మనిషి క్లోమం మాత్రం రెట్టింపు చాకిరీ చేస్తోంది. కొన్నేళ్లకు అది అలసిపోతే మధుమేహం వస్తుంది.

పాత వైద్యంలో దీని దెబ్బ గట్టిగా తగిలింది. అప్పట్లో వారానికొక పెగ్ ఇంటర్ఫెరాన్ ఇంజెక్షను, రోజూ రైబావిరిన్ మాత్రలు ఇచ్చేవారు. జినోటైప్ 1 రకం వైరస్ ఉంటే 48 వారాలు వాడాలి. జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తహీనత, మనసు కుంగిపోవడం భరించాలి. స్పెయిన్‌లో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ రకం వైరస్ ఉండి పై సూచిక 2 దాటినవారిలో సుమారు 33 శాతం మందికే నయమైంది. దాటనివారిలో సుమారు 60 శాతం. అవే మందులు, అంతే కష్టం, ఫలితంలో అంత తేడా.

2013 చివర అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చాక కథ మారింది. ఇది వైరస్ తన నకళ్లు తీసుకునే ఎంజైమునే ఆపేస్తుంది. శరీరం ఇన్సులిన్ మాట వింటుందా లేదా అన్నదానితో దీనికి పెద్దగా పనిలేదు. డక్లాటస్విర్ వంటి మరో మాత్రతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. అక్కడ ఒక్క మాత్ర ధర మొదట 1000 డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటెరో ఈ మందును జెనరిక్‌గా తెచ్చి ఎంతో తక్కువకు అమ్మాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద నిర్దేశిత ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. కాబట్టి ఈ జబ్బు పేరు చెప్పి పొలం అమ్మించే నాటు వైద్యుల దగ్గరకు అమ్మానాన్నలను వెళ్లనివ్వకండి.

షుగర్ ఉన్నవారు ఒకటి గమనించాలి. వైరస్ పోతున్నకొద్దీ కొందరిలో కాలేయం తిరిగి ఇన్సులిన్ మాట వింటుంది. అప్పుడు పాత మోతాదులోనే షుగర్ మందు వాడితే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. హెపటైటిస్ మందు మొదలుపెట్టేటప్పుడే డాక్టరుకు షుగర్ సంగతి చెప్పి, తరచూ పరీక్ష చేయించుకోవాలి. అప్పటికే సిరోసిస్ వచ్చి ఉంటే, నయమయ్యాక కూడా ఆరు నెలలకోసారి స్కానింగ్ తప్పదు. క్యాన్సర్ భయం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

పరీక్షల గురించి మరొక మాట. మొదట చేసేది యాంటీబాడీ పరీక్ష. వ్యాధి నయమైనా ఇది ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. గల్ఫ్ ఉద్యోగం మెడికల్‌లోనో, ఆపరేషన్‌కు ముందో అది చూసి కంగారుపడేవారు ఉన్నారు. వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. మందులు ఆపిన 12 వారాలకు చేసిన ఆ రిపోర్టులో వైరస్ కనబడకపోతే నయమైనట్టే. ఆ కాగితాన్ని పదో తరగతి మెమోతో పాటు భద్రంగా దాచుకోవాలి.