చతుఃపరిమాణ గోళాన్ని ఊహించుట ఎట్లు?

ఒక స్థిరబిందువు నుండి సమాన దూరంలో ఉన్న బిందువులన్నిటి సముదాయమే గోళమని మన పాఠ్యగ్రంథాలు నిర్వచిస్తున్నాయి. ఈ నిర్వచనంలో బంతి ప్రసక్తి లేదు. మూడు పరిమాణాల ప్రసక్తి అసలే లేదు. తలంలో ఈ మాటే వృత్తాన్ని ఇస్తుంది, మన అంతరాళంలో గోళాన్ని ఇస్తుంది. నిరూపకాలు నాలుగైనప్పుడు వాటి వర్గాల మొత్తం వ్యాసార్ధపు వర్గానికి సమానమని వ్రాస్తే చతుఃపరిమాణ గోళం సిద్ధిస్తుంది. వ్రాయుట సులభమే. కాని సమీకరణాన్ని కంఠస్థం చేసి ఊహను వదలివేయుట మా దృష్టిలో సగం చదువు మాత్రమే.

ఈ చిక్కు నేటిది కాదు. రుబాయీల కవిగా మన ఉర్దూ విభాగపు మిత్రులకు సుపరిచితుడైన ఉమర్ ఖయ్యాం, ఘన సమీకరణాలను జ్యామితి సాయంతో సాధించిన గణితవేత్త కూడా. నాల్గవ ఘాతాన్ని అరబ్బీ గణితజ్ఞులు 'మాల్ మాల్' అన్నారు, మన పూర్వులు 'వర్గవర్గం' అన్నారు. అది లెక్కలో వచ్చినా, కొలవదగిన వస్తువులలో దానికి ఉనికి లేదని ఖయ్యాం అభిప్రాయం. 19వ శతాబ్దంలో ష్లాఫ్లీ, రీమాన్ వంటివారు ఈ హద్దును దాటినారు.

మనం మన ఓరుగల్లు కోట నుండి బయలుదేరుదాం. రాతికోట గోడ ఇంచుమించు వృత్తాకారంలో ఉన్నది. నేలపై నడిచేవాడు లోనికి పోవలెనంటే ద్వారమైనా తెరవాలి, గోడనైనా కూల్చాలి. పావురానికి ఆ బాధ లేదు. గోడను తాకకుండానే పైనుండి లోపల వాలుతుంది. దానికి మూడవ దిశ తెరచి ఉన్నది. అట్లే, ఎక్కడా రంధ్రం లేని ఇనుప గోళంలో ఒక నాణెం ఉన్నదనుకొందాం. నాల్గవ దిశలో కదలగలవానికి ఆ నాణెం పళ్ళెంలో పెట్టినట్లే లెక్క. మన గోళం అతనిని ఆపలేదు. అతనిని ఆపగల గోడ చతుఃపరిమాణ గోళమే. గోడ మందం శూన్యమైనా, దానికి మూడు పరిమాణాలుంటాయి!

ఈ గోడను చూచుటకు ఒక దారి ముక్కలుగా కోయుట. 5 అంగుళాల వ్యాసార్ధం గల గుండ్రని పుచ్చకాయను ఒక కొస నుండి కోసుకొంటూ పోతే మొదట బిందువు, తరువాత పెరిగే వృత్తాలు, నడుమ అతి పెద్ద వృత్తం, మరల తరుగుదల. చతుఃపరిమాణ గోళం మన అంతరాళం గుండా సాగిపోతే మనకు కనిపించేది వృత్తాలకు బదులు గోళాలు. శూన్యంలో ఒక చుక్క పుట్టి, గోళమై ఉబ్బి, తిరిగి చుక్కయై మాయమవుతుంది. అయితే అది సమానవేగంతో ఉబ్బదు. కేంద్రానికి 4 అంగుళాల దూరంలోని ఖండపు వ్యాసార్ధం 3, 3 అంగుళాల దూరంలో 4, కేంద్రం వద్ద 5. అనగా మొదటి అంగుళంలోనే చుక్క 3 అంగుళాల వ్యాసార్ధానికి పెరుగుతుంది. మిగిలిన నాలుగు అంగుళాలలో పెరిగేది రెండే. ఇది పైథాగరస్ సిద్ధాంతం తప్ప వేరు కాదు.

ఇక్కడ కాలమే నాల్గవ పరిమాణమని తొందరపడేవారు కలరు. మింకోవ్‌స్కీ 1908లో వివరించిన దేశకాలంలో కాలపు వర్గానికి గుర్తు వ్యతిరేకం. అక్కడ సమదూర బిందువులు మూసుకొన్న గోళంగా ఏర్పడవు. మన గోళానికి నాలుగు దిశలూ సమానమే.

రెండవ దారి మాకు మరింత ప్రియమైనది. పాత అట్లాసులలో భూమిని రెండు పళ్ళేలుగా ప్రక్కప్రక్కన చిత్రిస్తారు. ఒకదాని అంచు దాటినవాడు రెండవదాని అంచులో అదే స్థానాన ప్రవేశిస్తాడు. పళ్ళేలకు బదులు రెండు నిండు బంతులను ఊహించండి. ఒక బంతి చర్మంపై ఏ బిందువు వద్ద వెలికి వచ్చినా, రెండవ బంతిలో అదే బిందువు వద్ద లోనికి ప్రవేశిస్తాం. చతుఃపరిమాణ గోళపు ఉపరితలం ఇదే. దానిలో తిన్నగా సాగిపోయినవాడు ఏ గోడకూ కొట్టుకొనకుండా, వెనుకకు తిరుగకుండా, బయలుదేరిన చోటికే చేరుతాడు.

లోపలి ఘనపరిమాణం 'పై' వర్గంలో సగాన్ని వ్యాసార్ధపు వర్గవర్గంతో గుణిస్తే వస్తుంది. ఖయ్యాం కాదన్నది ఇక్కడ కొలతగా నిలిచింది. చతురస్రంలో ఇమిడిన వృత్తం దానిలో 78.5 శాతాన్ని, ఘనంలో ఇమిడిన గోళం 52.4 శాతాన్ని ఆక్రమిస్తాయి. నాలుగు పరిమాణాలలో ఇది 30.8 శాతమే, మిగిలినదంతా 16 మూలల పాలు.

ఇదంతా కాగితంపై వినోదమేనా? 1917లో ఐన్‌స్టీన్ మన విశ్వాంతరాళమే ఇట్టి ఉపరితలమని, పరిమితమైనా అంచు లేనిదని ప్రతిపాదించాడు. ఆ స్థిర విశ్వ నమూనా నిలువలేదు. అంతరాళం దాదాపు వంపు లేనిదని నేటి కొలతలు చెబుతున్నాయి. అయినా మిక్కిలి పెద్ద వ్యాసార్ధం గల గోళాన్ని ఆ కొలతలు ఇంకను పూర్తిగా త్రోసిపుచ్చలేదు.