పరదేశ పట్టణములో ఇల్లు

పాఠ్యభాగము: యిర్మీయా 28, 29 అధ్యాయములు, దానియేలు 1, 6 అధ్యాయములు.

పిల్లలు పైచదువులకై అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిన కుటుంబములు ఇప్పుడు మన సంఘములలోను ఉన్నవి. వెళ్లునప్పుడు "రెండేండ్లలో వచ్చేస్తానమ్మా" అన్న కుమారుడు చదువు ముగిసిన పిమ్మట అక్కడనే ఉద్యోగము చూచుకొని ఇల్లు కొనును. వాడు మమ్మును విడిచిపెట్టెనా అని తల్లిదండ్రులు లోలోపల కుములుదురు.

ఈ రెండేండ్ల మాట బైబిలులోను ఉన్నది. బబులోనుకు చెరపోయినవారు రెండు సంవత్సరములలో తిరిగి వత్తురని హనన్యా ఆలయములో ప్రకటించెను. అందరికి ఇంపైన మాటే గాని అబద్ధము. యిర్మీయా 70 సంవత్సరములని చెప్పెను. ఇండ్లు కట్టి తోటలు వేసికొనవలెననియు, ఆ పట్టణపు మేలుకై ప్రార్థింపవలెననియు చెరలోనివారికి ఉత్తరము వ్రాసెను. తమ్మును చెరపట్టిన పట్టణము కొరకు ప్రార్థించుట ఎంత కష్టము! మన పిల్లలైతే ఇష్టపడి పోయినవారు; ఈ భేదమును మరువరాదు.

దానియేలు పడుచువాడై యుండగా కల్దీయుల విద్యను, భాషను అక్కడ నేర్చెను. అతని పేరును సహితము మార్చిరి. చదువు మూడేండ్లే గాని కొలువు కోరెషు కాలము వరకు సాగెను. అతడు స్వదేశమునకు తిరిగి వచ్చినట్లు లేఖనములో లేదు. అయినను అతని పైగది కిటికీలు యెరూషలేము తట్టు తెరచియుండెను. సింహముల గుహ యెదుట నున్నను, దినమునకు ముమ్మారు ప్రార్థించుట అతడు మానలేదు. నెలనెల డబ్బు పంపి, తల్లితో మాటలాడుటకు తీరిక లేదను కుమారుడు ఈ కిటికీని గూర్చి ఆలోచించునుగాక.

మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యవిద్యకై బోస్టను పట్టణమునకు వెళ్లి, 1948లో అమెరికాలోనే మరణించిరి. మరల స్వదేశము చూడలేదు. ఆయన నడిపిన పరిశోధనలలో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ అను మందు బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్నారు. లోకమునకు మేలే కలిగెను. కాని ఆయన భార్య ఇక్కడనే ఉండిపోయిరి. ఆమె ఎదురుచూచిన యేండ్లకు ఆ మందుబిళ్లలు బదులని నేను చెప్పజాలను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: మీ బిడ్డ నివసించు పట్టణము పేరేమి? అక్కడ చలి ఎట్లుండును? ఇరుగుపొరుగు వారెవరు? తెలియనియెడల ఈ వారము వానినే అడుగుడి. తెలిసికొని, ఆ పట్టణమును పేరుపెట్టి ప్రార్థింపుడి.