ఆగిపోయిన ఏడుపు ఎక్కడికి పోతుంది? – సైకోడైనమిక్ కౌన్సెలింగ్ పరిచయం



మా ఇళ్ళలో డిగ్రీ దాటింది మేమే మొదలు. పీజీలో సైకాలజీ పాఠం ఉందంటే "పిచ్చోళ్ళ చదువా బిడ్డా?" అని అమ్మలు భయపడ్డారు. కాదు, అది మనందరి చదువే.

జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా హాస్టల్లో కొత్తగా చేరిన చిన్న పిల్లవాడు మొదట గేటు పట్టుకుని ఏడుస్తాడు. తర్వాత ముద్ద ముట్టకుండా మూలన కూర్చుంటాడు. కొన్నాళ్ళకు ఏడుపు ఆగుతుంది. "అలవాటు పడ్డాడు" అంటాం. బ్రిటన్‌కు చెందిన జాన్ బౌల్బీ, జేమ్స్ రాబర్ట్‌సన్ 1950లలో తల్లికి దూరమైన పసిపిల్లల్లో ఇలాంటి మూడు దశలే గమనించారు: నిరసన, నిరాశ, ముభావం. మూడో దశను చూసి పెద్దలు బిడ్డ కుదుటపడిందనుకుంటారని హెచ్చరించారు.

ఆ ఏడుపు పోలేదు, లోపలికి వెళ్ళింది. ఫ్రాయిడ్ (1856–1939) దాన్నే అచేతనం అన్నాడు. భరించలేని బాధను మనసు అక్కడికి నెట్టి, రక్షక తంత్రాలతో తలుపు వేస్తుంది. ఇవి మన సామెతల్లోనే ఉన్నాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపితే విస్థాపనం. అందని ద్రాక్షపండ్లు పుల్లన అంటే హేతుకీకరణ. పరీక్షకు మాత్రం సామెత రాస్తే మార్కులు పడవు!

అన్నిటికన్నా ముఖ్యం ట్రాన్స్‌ఫరెన్స్. చిన్నప్పుడు నాన్న దగ్గర పడిన భయం తెలియకుండానే వార్డెన్ మీదికి, లెక్చరర్ మీదికి బదిలీ అవుతుంది. ఆయన మామూలుగా పిలిచినా గుండె దడదడలాడుతుంది. కౌన్సెలర్ మీద కూడా అదే భయం, అదే అలక వస్తాయి. ఆయన వాటికి నొచ్చుకోడు, వాటినే ఆధారంగా తీసుకుంటాడు. "నేను కూడా తిడతాననుకున్నావా?" అని మెల్లగా అడుగుతాడు. పాత గాయానికీ నేటి భయానికీ ఉన్న ముడి అక్కడ కనపడుతుంది. అందుకే ప్రతి వారం అదే సమయం, అదే గది. చెప్పింది గోప్యంగా ఉంటుంది. సలహాలు తక్కువ, వినడం ఎక్కువ. తనలో రేగే కోపాన్ని, జాలిని కూడా కౌన్సెలర్ గమనించుకోవాలి.

మనసు ఎలా పరుగెడుతుందో చూడాలంటే 'అంపశయ్య' (1969) చదవండి. రాసిన నవీన్ గారిది నేటి జనగామ జిల్లాలోని వావిలాల. ఉస్మానియా హాస్టల్ విద్యార్థి రవి మనసులో ఒక్క రోజు నడిచిన కథ అది.

ఫ్రాయిడ్ చెప్పినవన్నీ ఈనాడు ఒప్పుకోవడం లేదు. మా అభ్యంతరం కూడా ఒకటుంది. స్కాలర్‌షిప్ రాక, కులం పేరుతో మాట పడి కుమిలేవాడి బాధకు బాల్యంలోనే కారణం వెతకడం అన్యాయం. బయటి కారణాన్ని బయటే సరిచేయాలి.

ఇది నెలల తరబడి సాగే పద్ధతి. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆగకండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పక్క మంచం మిత్రుడు కొన్నాళ్ళుగా మౌనంగా ఉంటే, ఈ రాత్రే వాడి పక్కన కూర్చోండి.