ఆకలితో తగువు వద్దు

చిరంజీవి శ్రావణికి,

పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు పుల్కాలతో సరిపెట్టుకుని, రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో బిస్కెట్ ప్యాకెట్లు వరసగా ఖాళీ చేస్తున్నానని రాశావు. "నాకు మనోబలం లేదత్తా" అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇన్నేళ్లు పిల్లలకు ఫిజియాలజీ చెప్పినదాన్ని, నీకూ ఆ పాఠమే చెప్తాను.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. 1951లో మన బాల్ కృష్ణ ఆనంద్, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి, ఎలుకల్లో అందులోని పక్క భాగాన్ని రెండు వైపులా దెబ్బతీసి చూశారు. ఎదురుగా మేత ఉన్నా అవి ముట్టలేదు, మాడి చచ్చిపోయాయి. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టింది ఆ ఆనంద్ గారే.

అదే హైపోథాలమస్‌లో ఏజీఆర్‌పీ అనే కణాలున్నాయి. 2011లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రం వాళ్లు వాటిని కాంతితో ప్రేరేపిస్తే, కడుపు నిండిన ఎలుకలు సైతం నిమిషాల్లో ఆబగా తినడం మొదలుపెట్టాయి. వాటి పక్కనే ఉండే పీఓఎంసీ కణాల పని తిండి చాలనిపించడం. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోను మొదటివాటిని అణచి, రెండోవాటికి బలమిస్తుంది. నువ్వు ఉన్నట్టుండి తిండి తగ్గిస్తే లెప్టిన్ పడిపోతుంది. మెదడు దాన్ని కరువనే అనుకుంటుంది తల్లీ, నువ్వు సన్నబడాలనుకుంటున్నావని దానికెలా తెలుస్తుంది?

మనుషుల్లోనూ ఇది చూశారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టారు. అందరూ తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే, పట్టుదల తక్కువవాళ్లేం కాదు. అయినా రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు, కంచాలు నాకారు. ఆంక్షలు తీసేశాక పొట్ట పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. నీ రాత్రి బిస్కెట్ల కథ వింటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

అందుకని ముందు పొద్దున తిను. మెస్‌లో ఇడ్లీతో పాటు గుడ్డో, పెసరట్టో ఉంటే వదలకు. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగుతో అన్నం సరిపడా తిను. ఫోను పక్కన పెట్టి నిదానంగా నములు. పేగుల నుంచి "చాలు" అన్న కబురు మెదడుకు చేరడానికి కాస్త వ్యవధి కావాలి. రాత్రి రెండింటిదాకా మేలుకోకు. నిద్ర తగ్గినప్పుడు ఆకలి పెంచే గ్రెలిన్ ఎక్కువై, లెప్టిన్ తగ్గిన సందర్భాలు పరీక్షల్లో కనిపించాయి. బరువు తగ్గాలనే ఉంటే, ఈ పద్ధతి కుదిరాక డైటీషియన్‌ని అడిగి మెల్లగా తగ్గుదువు.

ఒక్కటి మాత్రం దాచకు. తిన్నాక కక్కేయాలనిపించినా, అలా చేస్తున్నా, ఈ ఉత్తరంతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే ఫోన్ చెయ్యి, మర్నాటికల్లా నేను హైదరాబాద్‌లో ఉంటాను. మీ అమ్మకు ఎలా చెప్పాలో కూడా ఇద్దరం కలిసే ఆలోచిద్దాం.

ప్రేమతో,
అత్త