ఇంటర్నెట్ ఫోన్: ఆఫీసుకు సౌకర్యం, ఇంటికి జాగ్రత్త

ఢిల్లీ 011, నోయిడా 0120, గురుగ్రామ్ 0124. ఈ ఊళ్ళ మధ్య రోజూ తిరిగే మా ఎన్‌సీఆర్ సిబ్బందికి ఈ కోడ్‌లు కంఠతా వచ్చు. ల్యాండ్‌లైన్ రోజుల్లో నంబరు చూస్తే ఫోన్ ఏ ఊళ్ళో ఉందో తెలిసిపోయేది. ఆ నంబరు ఒక ఎక్స్ఛేంజీకి, అక్కడి నుంచి వచ్చే రాగి తీగకు కట్టుబడి ఉండేది. వ్యాపార సంస్థలు ఇప్పుడు వాడుతున్న ఇంటర్నెట్ ఫోన్‌లో ఆ ముడి వదులైంది. దీని సౌకర్యమూ, ప్రమాదమూ రెండూ అక్కడే పుట్టాయి. బ్యాంకులో పనిచేసేవారికీ, ఇంట్లో ఫోన్ ఎత్తేవారికీ ఈ రెండూ తెలియాలి.

మాట ఎలా ప్రయాణిస్తుంది?

మనం మాట్లాడే స్వరాన్ని యంత్రం సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను చిన్న చిన్న ప్యాకెట్లుగా కడుతుంది. సాధారణంగా సెకను మాటకు 50 ప్యాకెట్లు అవుతాయి.

న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగిన పెళ్ళి బృందం 50 ఆటోల్లో ఆంధ్రా భవన్‌కు బయలుదేరిందనుకోండి. అన్నీ ఒకే దారిన, ఒకే వరుసలో చేరవు. గుమ్మం దగ్గర నిలబడిన పెద్దాయన వచ్చినవారిని వరుసలో కూర్చోబెడతాడు. ఫోన్ కూడా అదే చేస్తుంది. అయితే మరీ ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ కోసం అది ఆగదు, వదిలేస్తుంది. మాట మధ్యలో తెగినట్లు వినిపించేది అందుకే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది.

ఆఫీసులో ఏమేం ఉంటాయి?

బల్ల మీద లాన్ కేబుల్‌తో పనిచేసే ఐపీ ఫోన్, లేదా కంప్యూటర్‌లో, మొబైల్‌లో ఒక యాప్ ఉంటాయి. పాత ఈపీఏబీఎక్స్ పెట్టె స్థానంలో ఐపీ పీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ వస్తుంది. గంట మోగించడం, కాల్ కలపడం, కట్ చేయడం వంటివి సిప్ అనే నియమావళి ప్రకారం జరుగుతాయి. టెలికాం కంపెనీతో కలిపే లైన్‌ను సిప్ ట్రంక్ అంటారు. "హిందీకి ఒకటి నొక్కండి" అని మనం వినే గొంతు కూడా ఇలాంటి వ్యవస్థలో భాగమే.

మన దేశంలో దీని నడక

గుర్‌గావ్‌లో 1997లో జీఈ క్యాపిటల్ ఇంటర్నేషనల్ సర్వీసెస్ మొదలైంది. అదే తర్వాత జెన్‌ప్యాక్ట్ అయింది. విదేశీ కస్టమర్లకు ఇక్కడి నుంచి సేవలందించే పరిశ్రమకు ఎన్‌సీఆర్ పెద్ద కేంద్రమైంది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చినా, కంప్యూటర్ నుంచి దేశంలోని మామూలు ఫోన్‌కు కాల్ కలపనివ్వలేదు. 2018లో ఆ తలుపు తెరుచుకుంది. ఆ ఏడాదే బీఎస్‌ఎన్‌ఎల్ 'వింగ్స్' అనే యాప్ సేవను తెచ్చింది. 2020 నవంబరులో టెలికాం శాఖ కాల్ సెంటర్లకు నిబంధనలు సడలించి, ఇంటి నుంచి పనిచేయడాన్ని సులువు చేసింది.

వ్యాపారులకు నేను చెప్పే మాటలు

కరెంట్ అకౌంట్ కస్టమర్లు కొత్త ఆఫీసు ఖర్చుల లెక్క నా ముందు పెట్టినప్పుడు ఫోన్ సంగతీ వస్తుంది. పెద్ద యంత్రం కొనే పెట్టుబడి తప్పి నెలవారీ అద్దెగా మారడం చిన్న సంస్థకు మేలే. కానీ నాలుగు విషయాలు అడగమంటాను.

1. నెట్ నిలకడగా ఉందా? ఒక కాల్‌కు సుమారు 90 కేబీపీఎస్ చాలు. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక ఎంబీపీఎస్ దాటదు. వేగం కన్నా నిలకడ ముఖ్యం.

2. కరెంటు పోతే? పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజీ నుంచే విద్యుత్ వచ్చేది. ఇక్కడ రౌటర్, స్విచ్, ఫోన్ మూడింటికీ యూపీఎస్ ఉండాలి.

3. పాస్‌వర్డ్ మార్చారా? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే వదిలేస్తే, రాత్రిపూట ఎవరో చొరబడి విదేశాలకు కాల్స్ చేస్తారు. బిల్లు యజమానికి వస్తుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ మూసేయాలి.

4. సేవ ఇచ్చే సంస్థకు టెలికాం లైసెన్సు ఉందా? లేనివారి చౌక ధర చివరికి ఖరీదవుతుంది.

ఇంట్లోవారికి అసలు పాఠం

ఉత్తరం కవరు మీద 'పంపినవారు' అన్న చోట ఎవరి పేరైనా రాయవచ్చు. రాసేది పంపినవాడే కదా! ఇంటర్నెట్ కాల్‌లో నంబరు కూడా అలాగే, పంపేవైపు నుంచి వచ్చే సమాచారం. మోసగాళ్ళు విదేశంలో కూర్చుని +91 నంబరు కనిపించేలా చేసేది ఇలాగే. అలాంటి కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరు 22న ప్రారంభిస్తే, మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్ పట్టుబడ్డాయి.

రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం బ్యాంకులు సేవలకు, లావాదేవీలకు చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యేవి వాడాలి. కాబట్టి మామూలు పది అంకెల మొబైల్ నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అంటే అనుమానించండి. నంబరు సరిగ్గానే కనిపించినా ఓటీపీ, పిన్ చెప్పకండి. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి.

పోలీసులమనో, టెలికాం అధికారులమనో బెదిరిస్తే గుర్తుంచుకోండి: మన చట్టంలో 'డిజిటల్ అరెస్ట్' అన్నదే లేదు. అనుమానాస్పద కాల్‌ను సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు'లో నమోదు చేయవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

పెద్దవాళ్ళలో చాలామందికి నంబరు కనిపిస్తే చాలు, మనిషి తెలిసినట్టే. రిటైరైన మన సిబ్బందికీ, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకూ ఈ ఒక్క మాట చెప్పండి: తెర మీద నంబరు పరిచయమే కానీ, రుజువు కాదు.