నెత్తురు పడితే అన్నీ మొలలే కావు



ఆ మధ్య మా ఆడవాళ్ల వార్డుకు ఒక చెల్లెలు వచ్చింది. విరేచనంలో నెత్తురు, జిగట పడుతూ ఏడాదైందట. మొలలనుకొని పసరు మందులు వాడింది. సిగ్గుపడి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. మా దగ్గరకు వచ్చేసరికి ఒళ్లంతా పాలిపోయి ఉంది. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది.

ఈ జబ్బు ఏమిటి?
ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే పెద్దపేగు లోపొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి పుండ్లు పడతాయి. ఇది మలద్వారానికి పైన మొదలై పైకి పాకుతుంది. అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భోజనం చేయవచ్చు.

గుర్తులు
నెత్తురు, జిగటతో పలుమార్లు విరేచనాలు, ఆపుకోలేని తొందర, వెళ్లివచ్చినా ఇంకా ఉన్నట్టు అనిపించడం, రాత్రి నిద్రలో లేవవలసి రావడం, కడుపునొప్పి, నీరసం, బరువు తగ్గడం. అమీబా జిగట విరేచనాలు కూడా ఇలాగే ఉంటాయి గనుక మల పరీక్ష తప్పనిసరి.

చికిత్స
మెసలమిన్, సల్ఫసలజిన్ వంటి మాత్రలు ఇస్తారు. పుండ్లు కింది భాగంలోనే ఉంటే ఎనిమా మందు బాగా పనిచేస్తుంది. జబ్బు ఉధృతంగా ఉంటే కొంతకాలం స్టెరాయిడ్లు ఇస్తారు. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరుగారు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మందులకు లొంగకపోతే పెద్దపేగును తీసివేసే ఆపరేషన్ ఉంది.

ఇంట్లో జాగ్రత్తలు
• జబ్బు పెరిగినప్పుడు కారం, పీచు తగ్గించి మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, జావ తీసుకోవాలి. తగ్గాక మామూలు భోజనం చేయవచ్చు. పత్యం పేరుతో పస్తులుంచవద్దు.
• ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొని మింగవద్దు.
• గర్భవతులు భయపడి మందులు మానవద్దు, డాక్టరును అడగండి.
• జబ్బు మొదలై 8 ఏళ్లు దాటితే క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి.

రోజుకు 6 లేక అంతకంటే ఎక్కువ సార్లు నెత్తురు విరేచనాలై, జ్వరం, గుండెదడ ఉంటే లేక కడుపు ఉబ్బితే వెంటనే ఆసుపత్రికి రండి. తెల్లవారేదాకా ఆగవద్దు.

ఆ చెల్లెలు ఆరు నెలలకు, "తగ్గిపోయింది గదా అక్కా" అని మందు మానేసింది. మళ్లీ చేర్చుకొని రక్తం ఎక్కించవలసి వచ్చింది. తగ్గినా మందు మానకూడదని ఆమెకు చెప్పాం గాని, డబ్బు ఇచ్చే భర్తకు, వండిపెట్టే అత్తగారికి చెప్పలేదు. అది మా పొరపాటు. ఇప్పుడు ఇంటివారందరినీ కూర్చోబెట్టి చెబుతున్నాం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ బాధ దాచుకుంటూ ఉంటే, సిగ్గుపడవద్దని చెప్పి తీసుకురండి.